స్టేషన్ రోడ్డులో బోణీ

మొన్న గురువారం మధ్యాహ్నం నుంచి నా మీద ఏ కేసూ లేదు.

ఈ వాక్యం రాసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. పదిహేనేళ్ళుగా ఏ దరఖాస్తు నింపినా ఒక గడి దగ్గర నా కలం ఆగేది. మీపై పెండింగ్‌లో ఉన్న క్రిమినల్ కేసులు: ఒకటి. పాస్‌పోర్టుకు ఒకటి. రాజ్యసభ నామినేషన్‌తో పెట్టిన అఫిడవిట్‌లో ఒకటి. ఆ అఫిడవిట్ చూసి మా పార్టీలోనే ఒక పెద్దమనిషి పదిమంది ముందు, "ఏందక్కా, నువ్వు గూడ క్రిమినల్‌వేనా?" అని నవ్వాడు. ఆయన ఆ రోజు బిస్కెట్ రంగు చొక్కా వేసుకున్నాడు. రెండో గుండీ లేదు. ఇలాంటివి నా మనసులోంచి పోవు.

మాది మరిపెడ దగ్గర పల్లె. నాన్న మిషన్ బడిలో లెక్కలు చెప్పేవాడు. నేను లా చదివి హన్మకొండ కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టాను. సుబేదారిలో అద్దెకున్న ఇంట్లో ముందుగదే నా ఆఫీసు. పగలంతా కోర్టు, సాయంత్రం నల్లకోటు మేకుకు తగిలించి ఒక దినపత్రికకు వార్తలు రాసేదాన్ని. వకీలు పత్రికలో ఉద్యోగం చేయకూడదని నా మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పోయింది. నాది ఉద్యోగం కాదు, రాసిన దానికే ఇచ్చేవారు అని రుజువు చేసుకోవడానికి ఏడాది పట్టింది. ఆ ఫిర్యాదు పెట్టినతను అంతకు ముందు వారమే క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని నేను చెప్పించిన చాయ్ తాగాడు. తర్వాత పార్టీలోకి వచ్చాను, జిల్లా కమిటీ, రాష్ట్ర కమిటీ, మూడేళ్ళ కింద రాజ్యసభ. అక్కడ నా మొదటి ప్రసంగానికి మూడు నిమిషాలిచ్చి రెండున్నర నిమిషాలకే గంట కొట్టారు. దాని మీద నేను రాసిన లేఖకు ఇంతవరకు జవాబు లేదు.

కేసు సంగతి చెప్పాలి.

పదిహేనేళ్ళ కింద ఒక సాయంత్రం మరిపెడ వైపు నుంచి ఒక రైతు సుబేదారికి వచ్చాడు. మా పల్లెకు పక్క పల్లె, నాకు మామ వరస. ఎకరంన్నరలో మిరప వేశాడు. చెట్టు నడుమెత్తు పెరిగింది, ఆకు నిగనిగలాడింది, కాయ మాత్రం లేదు. వేళ్ళతో పెరికిన ఒక చెట్టును, ఖాళీ విత్తనాల పొట్లాలను గుడ్డసంచిలో పెట్టుకొని తెచ్చాడు. చెట్టును నా టేబుల్ మీద పడుకోబెట్టి, "నువ్వే సూడు బిడ్డా" అని ఇక మాట్లాడలేకపోయాడు. నేను నీళ్ళిచ్చాను. ఆయన తాగుతుంటే నా పుస్తకంలో రాసుకున్నాను: ఊరు, విస్తీర్ణం, పెట్టుబడి, దుకాణం పేరు. పత్రికకు వార్త పోవాల్సిన టైము దగ్గర పడుతోంది. గంటలో రాసి పంపేశాను.

మరుసటి రోజు జిల్లా పేజీలో పైన వచ్చింది. మిరప చెట్టు పట్టుకున్న మామ ఫొటో, నకిలీ విత్తనాలు అని పెద్ద అక్షరాలు, కింద స్టేషన్ రోడ్డులోని ఆ విత్తనాల దుకాణం పేరు. దుకాణం సేటు వారంలోనే నోటీసు పంపాడు, తర్వాత పరువునష్టం కేసు వేశాడు. ఎడిటరు, ప్రచురణకర్త, నేను, ముగ్గురం ముద్దాయిలం.

ఇక్కడ పత్రిక నాకు చేసింది చెప్పకుండా ముందుకు పోలేను. నాతో ఒక్క మాటైనా అనకుండా, లోపలి పేజీలో కిందిమూల అగ్గిపెట్టె అంత సవరణ వేసింది. మా కంట్రిబ్యూటర్ ఇచ్చిన సమాచారంలో పొరపాటు దొర్లింది, చింతిస్తున్నాము. సేటు వాళ్ళిద్దరి మీద కేసు వాపసు తీసుకున్నాడు. నేను ఒక్కదాన్నే మిగిలాను. రాజీకి రమ్మని ఆయన వకీలు రెండుసార్లు కబురు పెట్టాడు, పొరపాటైంది అని ఒక్క లైను రాసిస్తే చాలన్నాడు. నేను రాసింది నిజం, ఎందుకు రాసిస్తాను అన్నాను. నా కేసు నేనే వాదించుకున్నాను.

సేటును క్రాస్ ఎగ్జామిన్ చేసింది కూడా నేనే. "మీ దుకాణంలో అమ్మిన ప్రతి గింజా కాయ కాస్తుందని ప్రమాణం చేసి చెప్పగలరా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "గింజ సంగతి దేవుడే చెప్పాలమ్మా" అన్నాడు. "అయితే దేవుడికి సమన్లు పంపించమంటారా?" అన్నాను. హాలంతా గొల్లుమంది. మేజిస్ట్రేటు కూడా ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ మాటను నేను ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని పార్టీ మీటింగుల్లో చెప్పి నవ్వించానో లెక్క లేదు.

తర్వాత ఆ వార్తకు హెడ్డింగు పెట్టిన సబ్‌ ఎడిటర్‌ను సాక్షిగా పిలిపించమని పిటిషన్ వేస్తే కొట్టేశారు. నేను ఊరుకోను కదా, హైకోర్టుకు పోయాను. స్టే వచ్చింది. కేసు అక్కడ పడుకుంది. పడుకున్న కేసును ఎవరూ లేపరు, నేనూ లేపలేదు. ఈ లోపల నకిలీ విత్తనాల మీద పోరాడిన వకీలు అని నాకు పేరు వచ్చింది. పార్టీలో నా మొదటి ఉపన్యాసం ఆ మిరప చెట్టు మీదే. ఢిల్లీలో విత్తనాల చట్టం చూసే కమిటీలో నన్ను వేయడానికి కారణమూ అదే.

నిరుడు స్టే తీసేశారు. నేనిప్పుడు ఎంపీని కాబట్టి కేసు హైదరాబాద్‌లో ప్రజాప్రతినిధుల కేసులు చూసే ప్రత్యేక కోర్టుకు మారింది. అక్కడ వాయిదాలు వారానికొకటి. పరువునష్టానికి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. రెండేళ్ళ శిక్ష పడిన ఎంపీ సీటు తీర్పు వచ్చిన రోజే పోతుంది. ఇది నేను వేరేవాళ్ళకు ఎన్నోసార్లు విడమరచి చెప్పిన సంగతి. ఈసారి నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. సేటు తరఫు సాక్ష్యం ఎప్పుడో అయిపోయింది. ఇక నా సాక్షులను తెచ్చుకోవాలి. నాకున్న సాక్షి ఒక్కడే, మిరప మామ.

విత్తనాలు వేసే మృగశిర కార్తె, మా మిరుగం, ఇంకా రాకముందు ఒక శనివారం నేనూ మా ఆయనా మరిపెడ పోయాం. మా ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. కారు ఆయనే నడుపుతాడు, నన్ను ఎంపీగారూ అని పిలవడం ఆయనకు సరదా. గన్‌మన్‌ను వద్దన్నాను.

మామ ముసలివాడయ్యాడు కానీ గట్టిగా ఉన్నాడు. అత్త చాపేసి కూర్చోబెట్టింది. కోర్టులో ఏమడుగుతారో, ఏం చెప్పాలో ఒక్కొక్కటే చెబుతున్నాను.

"ఆ గింజలు ఏ దుకాణంల కొన్నవ్ అని అడుగుతరు మామా. పేరు చెప్పు, సాలు."

మామ అత్త వైపు చూశాడు. అత్త చీర కొంగు సర్దుకుంది.

"ఏ పేరు చెప్పాలె బిడ్డా?" అన్నాడు మామ.

"ఏ పేరేంది? నాకు చెప్పిన పేరే."

"నేను నీకు పేరు చెప్పలే గదా."

నాకు అర్థం కాలేదు. ఆయనే నిదానంగా చెప్పాడు. "నేను నీళ్ళు తాగుతాంటె నువ్వే రాసుకున్నవ్. సంచి మీద అచ్చేసి ఉన్నది గదా, అది సూసి రాసుకున్నవ్. గా సంచి అంతకు ముందటేడు పురుగుమందు కొన్ననాడు గా సేటు ఊకెనే ఇచ్చిండు. గింజలు వేరే తాన తెచ్చిన."

"వేరే తాన ఎక్కడ?"

చెప్పాడు. అదే రోడ్డు, అదే వరసలో ఇంకో దుకాణం.

"బిల్లు ఉన్నదా?"

"బిల్లు ఎవడిచ్చిండు? చిట్టీ మీద రాసిచ్చిండు. అది ఎప్పుడో పోయింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే మామా? పేపర్ల పేరచ్చింది, నీ ఫొటో అచ్చింది!"

"నువ్వు వకీలువైతివి, పేపరు దానివైతివి. నీకు ఏదో తెలిసే గట్ల రాసినవనుకున్న."

అత్త ఇక ఆగలేకపోయింది. "సక్కగ చెప్పరాదు? పేపరు జూసి గా రెండో దుకాణపాయన బయపడ్డడు బిడ్డా. రేపు నా మీద పడ్తరని తెల్లారేసరికి ఇంటికచ్చి కొత్త గింజలిచ్చిండు, మందుకట్టలిచ్చిండు, ఎవ్వరికీ చెప్పకుండ్రి అన్నడు. ఈన నోరు మూసుకున్నడు."

"మరేం జెయ్యాలె?" అన్నాడు మామ, నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ. "నాకు గింజలచ్చినయ్. నీకు పేరచ్చింది. ఆ సేటుకు ఏమైందో నేను అడగలే."

మరి ఆ రోజు నేనెందుకు అడగలేదు? వినియోగదారుల కేసులు ఎన్ని వేశానో. గడపలో అడుగుపెట్టిన ప్రతి మనిషినీ నేనడిగే మొదటి మాట, బిల్లు ఉన్నదా. బిల్లు లేకపోతే కూర్చోమని కూడా అనేదాన్ని కాదు. ఆ ఒక్క సాయంత్రం కోటు మేకుకు తగిలించి ఉంది, నేను విలేకరిని. పొద్దున వకీలు ఎలాగూ చూసుకుంటుందని విలేకరి అనుకుంది. పేపర్లో వచ్చింది కదా, విలేకరి అన్నీ అడిగే రాసి ఉంటుందని వకీలు అనుకుంది. రెండు పనులూ నావే కాబట్టి మధ్యలో అడగడానికి మూడో మనిషి లేకుండా పోయింది.

తిరిగి కారెక్కాం, తొర్రూరు దాటాం. వర్ధన్నపేట వచ్చాక మా ఆయన అన్నాడు, "ఇప్పుడేం చేస్తరు ఎంపీగారూ?"

"మామను సాక్షిగా పిలవను. అంతే."

"మరి?"

"సదుద్దేశంతో రాసిన అని వాదిస్త. చట్టంల దానికి దారి ఉన్నది."

"ఉంటది. నీకు తెల్వని దారా?" అని మళ్ళీ రోడ్డు చూశాడు. కాసేపయ్యాక, "ఆ సేటు దుకాణం ఇంక స్టేషన్ రోడ్డులనే ఉన్నదా?" అన్నాడు.

"నాకేం తెలుసు?"

"పోయి సూడరాదు."

ఆయన మీద మూడు రోజులు కోపంగా ఉన్నాను. నిజంగానే నాకు దారి కనిపిస్తోంది. మామ నోరు విప్పడు, ఆ రెండో దుకాణదారు అసలే విప్పడు. వాదన నా చేతిలో పని. కానీ తీర్పు నా చేతిలో పని కాదు. ఓడితే సీటు పోతుంది. ఇటు గెలిస్తే, తన గింజలు కాకపోయినా ఆ సేటు నకిలీ గింజల సేటుగానే పోతాడు. సీటు కోసమే నేను స్టేషన్ రోడ్డుకు పోయానని మా పార్టీలో కొందరంటున్నారు. సగం నిజం. మిగతా సగం వాళ్ళకు చెప్పి లాభం లేదు.

మంగళవారం మధ్యాహ్నం, బజారు పలచబడ్డాక ఒక్కదాన్నే పోయాను. దుకాణం సగమైంది. పక్కగది వేరేవాళ్ళకు అద్దెకిచ్చాడు, అందులో సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. సేటు గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. నన్ను చూసి లేవలేదు. ఎంపీని చూసి లేవలేదని ఒక క్షణం నాకు గుచ్చుకుంది కూడా.

"ఏం కావాలె?" అన్నాడు, ఎవరినైనా అడిగినట్టే.

"నన్ను గుర్తువట్టిన్రా సేటూ?"

"నిన్ను మర్శిపోతనా వకీలమ్మా? కూసో. కుర్సీ మీద సంచులున్నయ్, పక్కకు పెట్టి కూసో."

సంచులు నేనే తీసి పక్కన పెట్టి కూర్చున్నాను. చెప్పాలనుకున్నదంతా సుబేదారి నుంచి వరుసగా పేర్చుకొని వచ్చాను, కోర్టులో వాదన పేర్చుకున్నట్టు. ఒక్కటీ రాలేదు. "గింజలు మీయి కావు" అన్నాను. "నేను సంచి మీద పేరు సూసి రాసిన. నాకు మొన్న శనివారం తెలిసింది. తప్పు నాది."

ఆయన కౌంటరు మీద తూకం రాళ్ళను ఒకదాని మీద ఒకటి పెట్టి, మళ్ళీ దించాడు.

"పదిహేనేండ్లు," అన్నాడు చివరికి. "పదిహేనేండ్లు నేను చెప్పిందే నువ్వు ఇయాల అచ్చి నాకు చెప్తాన్నవ్."

"అవు."

"నువ్వు కోర్టుల దేవుని మీద నవ్వులాడిననాడు నా చిన్నబిడ్డ ఎనుక బెంచీల కూసున్నది. ఇంటర్ సదువుతాండె అప్పుడు. నాయిన కేసు గెలుస్తడని సూడ అచ్చింది. అందరు నవ్వుతాంటె అది లేచి బయటికి పోయింది. నీకు ఎరికేనా?"

తెలియదు. నన్నెవరు ఎక్కడ ఏ మాటన్నారో నాకు తెలుసు, వాళ్ళు వేసుకున్న చొక్కాలతో సహా. వెనక బెంచీలో ఆ పిల్ల ఉందని తెలియదు.

"ఎరికలేదు సేటూ."

"ఎట్లెరికైతది?" అని, ఒక్కసారి ముందుకు వంగాడు. "మరి గా గింజలు ఎవనియి?"

"చెప్ప."

"ఏందీ?"

"నా దగ్గర బిల్లు లేదు. ఒకరి నోటిమాట మీద ఇంకొకరి పేరు పెట్ట. ఒక్కసారి పెట్టిందే సాలు."

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు. మొదటిసారి ఆయన మూతి మూల కొంచెం కదిలింది. "ఇప్పుడచ్చిందా నీకు వకీలు తెలివి? జర తొందరగ రాకపాయె!"

రాజీ మాట ఎత్తాలి. ఎలా ఎత్తాలో తెలియక, పత్రికలో సవరణ వేయిస్తాను, పెద్దగా, మొదటి పేజీలో, అన్నాను. ఆయన చేత్తో కొట్టిపారేశాడు. "పేపరు నాకద్దు. పేపర్ల పడ్డది పేపర్లనే సస్తది. నువ్వు చెడగొట్టింది నా బోణీ. ఇంతకుముందు మిరుగం అచ్చిందంటె మరిపెడ బస్సు దిగినోడు దిగినట్టు నా కాడికే అచ్చెటోడు. షట్టరు లేపకముందే మెట్ల మీద కూసునెటోళ్ళు. నువ్వు రాసినంక గా బస్సు దిగినోళ్ళు నా దుకాణం ముంగటి నుంచే పోతాంటె సూసుకుంట కూసున్న, పది గంటలదాంక బోణీ లేక. నువ్వచ్చి బోణీ చెయ్. పొద్దుగాల, బస్సు దిగే యాళ్ళకు."

"చేస్త."

"ఊకెనే అచ్చి పోవుడు కాదు. కొనాలె. బిల్లు నీ పేరు మీద రాస్త."

బోణీ అంటే ఏమిటో మా బజార్లో పెరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మొదటి గిరాకీ మంచిదైతే రోజంతా మంచిదని దుకాణదారుల నమ్మకం. బోణీ గిరాకీ బేరం ఆడకూడదు, ఉద్దెర అడగకూడదు, ఉత్త చేతులతో తిరిగి పోకూడదు. మా ఇంట్లో ఆదివారం చర్చికి పోయేవాళ్ళమే అయినా, అమ్మ కూడా బజారుకు పొద్దున పోతే కొనేది కొని తీరేది. షాపువాని నోట్లో మట్టి కొట్టొద్దు అనేది.

ఆ వారంలోనే గురువారం పొద్దున మా ఆయనా నేనూ ఆరున్నరకే స్టేషన్ రోడ్డులో ఉన్నాం. సేటు మాకంటే ముందే వచ్చాడు. షట్టరు లేపి, గడప ముందు నీళ్ళు చల్లి, లోపల పటం ముందు అగరుబత్తి వెలిగించాడు. మాతో మాట్లాడలేదు. బస్సు దిగిన రైతులు ముగ్గురు నలుగురు అటే వస్తున్నారు. ఒకతను నన్ను చూసి ఆగాడు.

"అక్కా, నువ్వు మన మరిపెడ దిక్కు ఎంపీవి గాదు? నువ్వే గదా నాడు ఈ దుకాణం మీద పేపర్ల రాసింది?"

సేటు అగరుబత్తి గుచ్చుతూనే ఉన్నాడు, వెనక్కి తిరగలేదు.

"నేనే రాసిన," అన్నాను. "తప్పు రాసిన. ఆ గింజలు ఈ దుకాణానియి కావు. నేను సరిగ అడుగకుండ రాసిన."

"అగో!" అన్నాడు అతను. పక్కనున్న ముసలాయన తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "మరి గిన్నేండ్లు గమ్మునున్నవేందక్కా? మేము గా ముచ్చట పట్టుకొని ఈ దిక్కే రాకపోతిమి."

"నాకే మొన్న తెలిసింది పెద్దయ్యా."

"నీకే తెల్వకపోతె మరి మాకెట్ల తెలుస్తది?" అన్నాడు ముసలాయన. తిట్టలేదు, నిజంగానే అడిగాడు. ఇంకొకతను అప్పటికే సెల్‌ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. నేను మొహం తిప్పుకోలేదు. అతను చూడమన్న చోటే చూసి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, దుకాణం పేరుతో సహా.

"దా వకీలమ్మా," అని పిలిచాడు సేటు. "ఏమియ్యాలె?"

మా పెరట్లో కుండీల్లోకి నాలుగు పొట్లాల మిరప విత్తనాలు తీసుకున్నాను. పొట్లం మీద ఉన్న ధరకు పైసా తగ్గించలేదు. మామూలు గిరాకీకి తగ్గిస్తారని నాకు తెలుసు, మా ఆయన మోచేత్తో పొడిచాడు కూడా. బోణీ కాబట్టి నోరెత్తలేదు. నేనిచ్చిన నోటును సేటు కళ్ళకద్దుకొని గల్లాలో వేశాడు. బిల్లు రాసి చింపి ఇచ్చాడు, నా పూర్తి పేరుతో, ఊరుతో. ముసలాయన నా వెనకే లైనులో నిలబడి ఉన్నాడు.

తొమ్మిది గంటలకల్లా వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. పదింటికి హైదరాబాద్ నుంచి పార్టీ ఆఫీసు ఫోను. "ఎవర్ని అడిగి చెప్పినవమ్మా? తీర్పు రాకముందు తప్పు ఒప్పుకునుడేంది? ఏం వకీలువు నువ్వు?" మధ్యాహ్నానికి ఎదుటి పార్టీవాళ్ళు ప్రెస్‌మీట్ పెట్టి నన్ను అబద్ధాల ఎంపీ అన్నారు. ఇంకో నెలకు విత్తనాల కమిటీ నుంచి నన్ను తీసేశారు. నాకు ముందు చెప్పలేదు, పేపర్లో చూసి తెలుసుకున్నాను. ముందుగా తెలియజేయాలన్న మర్యాద కూడా లేదా అని దాని మీద ఒక లేఖ రాశాను. రాయకుండా ఎలా ఉంటాను?

రాజీ మాట సేటు తనంతట తానే ఎత్తలేదు, నేను మళ్ళీ అడగలేదు. వాయిదాలు మాత్రం వారం వారం నడిచాయి. మామను పిలవలేదు. నాకు సాక్షులు లేరని రాసిచ్చాను. వాదనలకు తేదీ పడింది. ఆ తేదీకి ముందు రోజు సేటు వకీలు ఫోన్ చేశాడు. "మా సేటు రేపు కోర్టుకు వస్తాండు మేడం. రాజీ పిటిషన్ తయారు చేయమన్నడు. మీరు సంతకానికి రండి."

"ఏమన్నడు?" అని అడిగాను.

"ఏమన్లే. మిరుగం గిరాకీ అయిపోయింది, ఇప్పుడు నాకు తీరిక దొరికింది అన్నడు."

అంటే ఈ రెండు నెలలూ ఆయన నన్ను కావాలనే ఆపాడా, నిజంగానే తీరిక లేకనా అని కోర్టుకు పోయేదాకా ఆలోచించాను. అడగాలనుకొని, అడగలేదు.

మొన్న గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకు కేసు పిలిచారు. జడ్జి యువతి. ఎంపీ మీద కేసు కాబట్టి ఆమె సేటును జాగ్రత్తగా అడిగింది. ఎవరైనా బెదిరించారా, ఆశ పెట్టారా, మీ ఇష్టంతోనే రాజీ పడుతున్నారా?

"నా ఇష్టంతోనే అమ్మా," అన్నాడు సేటు. "ఈమె అచ్చి బోణీ చేసింది."

ఆమెకు అర్థం కాలేదు. బెంచ్ క్లర్కు లేచి చెవిలో ఏదో చెప్పాడు. ఆమె తల ఊపి, రాజీ నమోదు చేసుకుంది. చట్టప్రకారం రాజీ అంటే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే. ఆ మాట ఆమె చదువుతుంటే బోనులో కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో వకీలుగా ఎన్నోసార్లు వేరేవాళ్ళు అదే కమ్మీ పట్టుకోవడం చూశాను. అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటారో నాకు అప్పుడు తెలియలేదు.

బయట వరండాలో సేటును మా కార్లో రమ్మన్నాను. రానన్నాడు. "నీ కార్ల అస్తే బజారంత నేను అమ్ముడువోయిననంటరు. నాకు రైలుకు టికెట్ ఉన్నది." రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరిగి అన్నాడు, "నీ మిర్ప మొలిశిందా?"

"మొలిశింది. మొగ్గలచ్చినయ్."

"మొగ్గ దశల నీళ్ళు ఎక్కువ పొయ్యకు. రాలుతది." అని చెప్పి వెళ్ళిపోయాడు.

కారెక్కాక ఫోను చూసుకున్నాను. పార్టీ ఆఫీసు నుంచి అభినందన లేదు, ఏమైందని అడిగినవాళ్ళు కూడా లేరు. మామూలుగా అయితే ఎవరెవరు చేయలేదో మనసులో వరస పెట్టుకునేదాన్ని. ఫోను సంచిలో పడేశాను. మా ఆయన ఉప్పల్ దాటాక ఏదో అడిగాడు. ఆ ప్రశ్న సగం విన్నట్టు గుర్తు. కళ్ళు తెరిచేసరికి కారు మడికొండలో సిగ్నల్ దగ్గర ఆగి ఉంది, మెడ పట్టేసింది, నోరు తెరుచుకొని పడుకున్నానట.

"లేపరాదు?" అన్నాను కోపంగా.

"భువనగిరిల చాయ్‌కి ఆగిన, జనగామల ఆగిన. రెండుసార్లు పిలిచిన," అన్నాడాయన. "నీకు వినవడలే."